వాన తీర్పు కాదు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అరేబియా సముద్రం మీదుగా వచ్చే మబ్బుల బరువును పడమటి కనుమలు తమ వాలు మీదే దింపేసుకుంటాయి. ఇవతలికి దాటిన గాలిలో తడి తక్కువ. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి, ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడతాయి. వచ్చే ఆ కాస్త వానకూ అదును ఉండదు. వేరుశనగ విత్తడానికి ఆశ పెట్టి, ఊడలు దిగే వేళకు ముఖం చాటేస్తుంది. ఇలాంటి నేల మీద కరువు వచ్చినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది: ధర్మం తప్పింది, అందుకే వాన తప్పింది అని. బాధలో ఉన్నవాళ్లు తమను తామే నిందించుకుంటూ అనే మాట కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ అది తప్పు మాట. తప్పని చెప్పడానికి మతాన్ని విడిచి బయటికి రానక్కర్లేదు, మన గ్రంథాలూ శాసనాలూ చాలు.

ఈ నమ్మకానికి వేళ్లు లోతుగానే ఉన్నాయి. మంచి రాజుకొకటి, వేదవిదుడికొకటి, పతివ్రతకొకటి అని నెలకు మూడు వానలు లెక్కగట్టిన సంప్రదాయం మనది. రోమపాద రాజు తప్పుకు అంగదేశమంతా ఎండిందనీ, ఋష్యశృంగుడు అడుగుపెట్టగానే వాన కురిసిందనీ రామాయణం చెబుతుంది. కథగా అది గొప్పది. పాలకుడి తప్పు ప్రజల మీద పడుతుందన్న హెచ్చరిక అందులో ఉంది. దాన్నే వాతావరణానికి కారణంగా చదివితే మాత్రం నిలవదు. పడమటి కనుమల మీది ఆగుంబెలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. ఆ నైరుతి గాలే అనంతపురానికీ వస్తుంది. రెండు చోట్లా మనుషుల నడతలో అంత తేడా ఉందని ఎవరూ అనరు, తేడా కొండది. సగటు సంగతి సరే, ఫలానా ఏడాది పూర్తిగా ఎండిపోవడం శిక్ష కాదా అని అడగవచ్చు. వాన తక్కువ పడే సీమల్లో ఏటికేడు హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉండడం సహజం. అది పక్కన పెట్టినా, ఆ శిక్ష ఎవరికి పడిందో చూడాలి. 1876–78 నాటి ధాత కరువులో రాయలసీమ కూలీలు పిట్టల్లా రాలిపోయారు. అదే కాలంలో దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి పోయింది. కరువు పనుల్లో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించింది బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్. వాన రాకపోవడం ఆకాశం పని, కూలి కోయడం మనిషి పని. కూలీని చంపి, ధాన్యం దాచినవాణ్ణి బతికించే తీర్పును దేవుడి పేర రాయడం భక్తి కాదు. 1934లో బీహారు భూకంపాన్ని అస్పృశ్యతా పాపానికి శిక్షగా గాంధీజీ చెప్పినప్పుడు, అస్పృశ్యతను ఆయనంతగానూ ద్వేషించిన రవీంద్రుడు ఆ మాటను బహిరంగంగా కాదన్నాడు. సదుద్దేశంతో చెప్పినా అది తప్పు వాదమేనన్నది ఆయన పట్టు, నా పట్టు కూడా అదే.

యజ్ఞం వల్ల వాన, వాన వల్ల అన్నం అని గీత మూడో అధ్యాయమే చెప్పింది కదా అని శాస్త్రం తెలిసినవాళ్లు అడుగుతారు. అదే శ్లోకం యజ్ఞం కర్మ నుంచి పుడుతుందని కూడా అంటుంది. అక్కడి కర్మను హోమానికే కుదించడం వ్యాఖ్యాతల ఎంపిక, అది ఒక్కటే దారి కాదు. భాగవతంలో ఇంద్రుడి యాగానికి సిద్ధమవుతున్న నందుణ్ణి చిన్ని కృష్ణుడు ఆపుతాడు. మబ్బులు రజోగుణం తోసినట్టు కురుస్తాయి, ఇందులో ఇంద్రుడు చేసేదేముందని వాదించి, పూజను ఆవు వైపుకూ, కొండ వైపుకూ మళ్లిస్తాడు. ఇంతకంటే సూటి మాట భారతం సభాపర్వంలో ఉంది. ధర్మరాజు సభకు వచ్చిన నారదుడు వరసగా ప్రశ్నలు వేస్తూ, నీ రాజ్యంలో పెద్ద పెద్ద చెరువులు తగినంత దూరాల్లో తవ్వించి నింపి ఉంచావా, సేద్యం దేవమాతృకం కాకుండా ఉందా అని అడుగుతాడు. దేవమాతృకమంటే వానే తల్లిగా బతికే నేల. ఒక దేవర్షి రాజును అడిగింది వాన ఎందుకు రాలేదని కాదు, వాన మీదే ప్రజల్ని ఎందుకు వదిలేశావని.

రాయలసీమ ఈ ప్రశ్నను విన్నది. విజయనగర రాజు బుక్కరాయల కాలంలో అనంతసాగరం, బుక్కరాయసముద్రం వెలిశాయి, జిల్లా పేరే చెరువు పేరు. కడప సీమలో 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మరీ విలువైనది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడన్న మారుపేరున్నవాడు, తవ్వించిన చెరువు గురించి అది చెబుతుంది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. దేవతాస్తుతితో మొదలై, చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ ఆరు దోషాలనూ లెక్కపెడుతుంది. అంగాల్లో కొన్ని ఇవి: ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి మట్టి, తియ్యటి నీళ్ల ఏరు, పొడవు మించని కట్ట, పని తెలిసిన మనుషులు. దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి, చవుడు నేల ఒకటి, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం మరొకటి. నీళ్లు కొంచెమై, తడపవలసిన నేల మెండైతే అదీ దోషమే. రాజు ధర్మాన్నీ కట్ట గట్టిదనాన్నీ ఒకే జాబితాలో రాసిన ఆ చేతికి పుణ్యానికీ పనికీ మధ్య గీత కనబడలేదు. మనిషి పేరు నిలిపే ఏడింటిలో, అంటే సప్తసంతానాల్లో, కొడుకు పక్కనే చెరువును కూర్చోబెట్టిందీ ఈ బుద్ధే. దశబంధం ఇనాము పేర చెరువు బాగుచేసేవాడికి భూమిచ్చారు, నీరుగంటికి మడులకు నీళ్లు పంచే పని అప్పగించారు. ఇది స్వర్ణయుగమని నేననడం లేదు. కట్ట మీద మట్టి మోసినవాళ్లలో చాలామందికి ఊరి బావి దగ్గర బిందె ముంచే హక్కు లేదు. శాసనం లెక్కపెట్టని ఏడో దోషం అది, ఆరింటికంటే పెద్దది. నేడు చెరువు పూడిక పడుతుంటే ఎవరి పొలంలో వాళ్లు బోరు దింపుతున్నారు. నీళ్లు పడితే అదృష్టం, లేదంటే అప్పు. అందరిదీ అయిన ధర్మం ఒక్కొక్కరి జాతకంగా మారింది.

భూమి వేడెక్కడానికి మనిషే కారణమని ఇప్పుడు తెలిసింది కదా, పాపానికి శిక్ష అన్న పాతమాట చివరికి నిజమైంది కదా అన్న ప్రశ్న ఒకటి మిగిలింది. ఇది బలమైన ఆక్షేపణే. అయినా కారణం వేరు, శిక్ష వేరు. బొగ్గూ చమురూ ఎక్కువగా కాల్చిన దేశాలు ఒకచోట, రెండెకరాల మెట్ట మీద బతికేవాడు ఇంకోచోట. తప్పు చేసినవాణ్ణి వదిలి పక్కవాణ్ణి కొట్టేది శిక్ష కాదు, అన్యాయం. దానికి ప్రాయశ్చిత్తం కాదు, పరిహారం కావాలి. మరి వానకోసం విరాటపర్వం చదివించడం, కప్పతల్లిని ఊరేగించడం, శివుడికి బిందెలతో నీళ్లు పోయడం మానేయాలా? అక్కర్లేదు. కప్పతల్లి మీద ఇంటింటా నీళ్లు గుమ్మరించేవాళ్లు ఎవరి పాపాలూ లెక్కపెట్టరు. చెంబెడు నీళ్లే ఉన్న ఇంటి నుంచి కూడా ఆ రోజు ఎవరూ వట్టి చేతులతో వెనుదిరగరు.