ఎవరి పద్దు వారికి





మన బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున కరణికుడై, పిదప భండారియైన మహనీయుడు. లెక్కయే ఆయన కాయకము. రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని ఓర్వలేనివారు బిజ్జలునితో కొండెములు చెప్పిన ఘట్టము పాలకురికి సోమనాథుని బసవపురాణమున కలదు. బసవన్న పెట్టెలు తెరపించి లెక్కింపించెను. ధనము కొరతపడలేదు. దీనిని మనము మహిమగా చెప్పుకొందుము, చెప్పుకొనవలసినదే. కాని లెక్క చూడుడని జంకులేక పలుకగలుగుట నాకు అంతకంటె గొప్పగా తోచును. ఆ మాట మన ఇండ్లలో ఎందరు అనగలరు?

గుంటూరు, ప్రకాశం సీమలలో ప్రత్తి, మిరప పండించు గృహస్థుని చూడుడు. పురుగుమందులు అరువిచ్చువాడు, అప్పిచ్చువాడు, పంట అమ్మించు కమీషన్ వ్యాపారి పెక్కుచోట్ల ఒక్కడే. మిరప టిక్కీలు యార్డులో కాటా అయిన పిమ్మట మందుల బాకీ, అసలు, వడ్డీ, కమీషను, హమాలీ అన్నియు కలగలిపి తీసివేసి మిగిలినది చేత పెట్టుదురు. ఏ పద్దుక్రింద ఎంత పోయినదో రైతు ఎరుగడు. 1987-88లో తెల్లదోమ వలన ప్రత్తి నశించి ఈ రెండు జిల్లాలలో అప్పులపాలైన రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. లెక్క వ్రాసినంత మాత్రమున పురుగు చావదు, ధర పెరుగదు. అయినను ఎంత లోతున మునిగితిమో తెలియకపోవుట మరియొక మునక.

కావున ఏనాటి వ్యవహారము ఆనాడే చిట్టాలో వ్రాసి, ఆవర్జాలో పేరుకొక పుట ఉంచుడు. మనిషి ఒక్కడే అయినను మందుల అరువు వేరు, అప్పు వేరు. ఒకచోట 'అంగడి', ఒకచోట 'పెద్దాయన', వేరొకచోట 'మనవాడు' అని వ్రాసినచో ఒక్కడే ముగ్గురగును! నేడు ఫోను ద్వారా సొమ్ము పంపుచున్నాము. మొత్తము అందు కనబడును గాని, ఏ బాకీక్రింద ఇచ్చితిమో మనమే వ్రాసికొనవలెను. ప్రామిసరీ నోటుపై సొమ్ము కట్టినప్పుడెల్ల వెనుక చెల్లు వేయించి, ఆ సంగతి మన పుటలోను ఎక్కింపుడు. గడువులోగా చెల్లు పడినచో నోటునకు మరల 3 సంవత్సరముల గడువు వచ్చును. అప్పిచ్చినవాడు దీనిని మరువడు.

యజమాని లింగైక్యుడైన ఇంట ఈ కష్టము తెలియును. లెక్క ఆయన మనసున నుండెను, ఆయనతోనే పోయెను. నోటు మాత్రము ఎదుటివాని పెట్టెలో నిలిచినది. తీరినదేదో, తీరనిదేదో ఎరుగని ఇల్లాలు క్రొత్త నోటుపై వేలిముద్ర వేయును. ఇల్లాలు సరిచూడని పుస్తకము సగము పుస్తకమే. కల్యాణమున రాలిన బియ్యపుగింజలు ఏరి దాసోహము చేయు ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అక్కరకు మించి తెచ్చెను. మిగులును తిరిగి పోసిరమ్మని లక్కమ్మ పంపినది. భర్తను లెక్క అడిగిన ఆ తల్లిని శరణులు పూజ్యురాలిగా ఎంచిరి.

మరియొక మాట, కొంచెము కటువైనది. కోత కూలీలకు బాకీ నిలిపి మఠమునకు కానుక తెచ్చువారు కలరు. ఆ కానుక ఇచ్చినది వారు కాదు, ఆ కూలీలు. మఠములు సైతము వచ్చిన కానుకలను ఇచ్చినవారి పేరుపేరున వ్రాసి, ఏటేట భక్తుల ఎదుట చదువుట మేలు.

ఈ ఉగాదికి క్రొత్త పుస్తకము తెరచునపుడు మొదటి పుట కూలీలకు, రెండవది అప్పులకు ఉంచుడు. దాసోహపు పుట వాని పిమ్మట.