బేతేలు త్రోవలో సహోదరుడు

ధ్యాన భాగములు: ఆదికాండము 28:10–22; 33:1–17; 35:1–15



నూతన సంవత్సరము సమీపించుచున్నది. విడవలూరు పరిసరములలోని మన విశ్వాసులలో కొందరు జనవరి 1వ తేదీన తెల్లవారకమునుపే ఒంగోలు ప్రార్థన కొండమీద నుండవలెనని కోరుచున్నారు. బస్సు మాట్లాడుకొనుట, తలకింత చందా వేసికొనుట, అన్నపు మూటలు కట్టుకొనుట మొదలగు మాటలు ఆరాధన ముగిసిన తరువాత వినబడుచునే యున్నవి. ఇది మంచి కోరికయే. అయినను, బయలుదేరకముందు మనలను మనము ఒక ప్రశ్న అడుగుకొనవలెను. ఒక స్థలము మనకేమి చేయగలదు? ఏమి చేయజాలదు?

మొదట ఆ కొండ సంగతి జ్ఞాపకము చేసికొందము. 1853వ సంవత్సరమున అమెరికాలోని మిషను పెద్దలు, నెల్లూరు పనివలన ఫలము కానరాదు గనుక దానిని మూసివేయుదుమా అని తర్కించుకొనిరి. కొనసాగింపవలెననియే చివరకు తీర్మానమైనది. ఆ సంవత్సరాంతమున లైమన్ జూవెట్ దొరగారును దొరసానిగారును, నరసు, జూలియా, రూతు అను ముగ్గురు తెలుగు విశ్వాసులును సువార్త ప్రకటించుచు నెల్లూరునుండి ఉత్తరముగా ఒంగోలు వరకు ప్రయాణము చేసిరి. మన దేశములో మొదటి ప్రయాణికుల రైలుబండి బొంబాయినుండి ఠాణాకు నడచినది ఆ 1853లోనే. నెల్లూరు సీమకు అది ఇంకను రాలేదు. పెన్నమీద ఆనకట్ట కట్టుట ముగిసినది 1855లో. నేడు మనము బస్సులో కునుకు తీయుచు దాటిపోవు ఆ 75 మైళ్లును వారికి అనేక దినముల త్రోవ.

1854 జనవరి 1వ తేదీ వేకువను ఆ ఐదుగురు కొండనెక్కి, ఒంగోలునకు ఒక దైవసేవకుని పంపుమని ప్రభువును వేడుకొనిరి. క్లౌ దొరగారు ఒంగోలు చేరినది 1866లో. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడెను. ప్రార్థనకును జవాబునకును నడుమ పండ్రెండు వర్షాకాలములు గడచినవి.

ప్రియులారా, ఆ కొండ పెద్ద కొండ కాదు. అట్టి గుట్టలు మన జిల్లాలలో ఎన్నో యున్నవి. దానికి పేరు వచ్చుటకు కారణమేమి? దేశము వేరు, పుట్టుక వేరు, చదువు వేరైన ఐదుగురు ఒక్క నేలమీద మోకరించి ఒక్క మనవి చేసిరి. ఆ మోకరింపు కొండమీద ఆరంభమైనది కాదు. త్రోవ పొడవునను ఒకే ఎండను, ఒకే దుమ్మును భరించిన దినములలోనే ఆరంభమైనది. ప్రయాణము మనుష్యులను దగ్గరకు చేర్చును. స్థలము ఆ దగ్గరతనమును జ్ఞాపకముంచును.

ఇప్పుడు యాకోబు ప్రయాణమును చూడుడి. అతడు మొదటిసారి బేతేలునకు వచ్చినది యాత్రికుడై కాదు. అన్నను మోసగించి, అతని కోపమునకు వెరచి పారిపోవుచు వచ్చెను. ప్రొద్దు గ్రుంకగా రాతిమీద తలయుంచి నిద్రించెను. అచ్చట దేవుడు అతనిని దర్శించెను, తోడుగా నుందునని మాట ఇచ్చెను. యాకోబు ఆ రాతిని నిలిపి, నూనె పోసి, మ్రొక్కుకొనెను. అది నిజమైన దర్శనమే. అయినను తెల్లవారినప్పుడు ఏశావు కోపము అలాగే యున్నది. బేతేలు యాకోబునకు ధైర్యము నిచ్చెను గాని అన్నతో సమాధానము చేయలేదు.

ఇరువది సంవత్సరములు లాబాను ఇంట గడచినవి. తరువాత దేవుడు, నీ దేశమునకు మరలి పొమ్మనెను. ఆ త్రోవలో ఎవరు నిలిచియున్నారు? ఏశావే. యాకోబు ఏడుమారులు నేలకు వంగి అన్న నెదుర్కొనెను. ఏశావు పరుగెత్తి వచ్చి కౌగిలించుకొనెను. ఇద్దరును ఏడ్చిరి. అన్న ముఖము చూచుట దేవుని ముఖము చూచినట్లున్నదని యాకోబు పలికిన మాట మరువకుడి. ఇది 33వ అధ్యాయము. బేతేలునకు తిరిగి వెళ్లుమను ఆజ్ఞ 35వ అధ్యాయములో నున్నది. ఈ వరుసను గమనించుడి: ముందు సహోదరుని ముఖము, పిమ్మట బేతేలు బలిపీఠము.

మన ప్రాంతమందలి ఒక సంఘములో నేను కన్నులార చూచిన సంగతి ఒకటి చెప్పెదను. ఇద్దరు అన్నదమ్ములు. వారి పొలములకు నడుమ ఒక్కటే గట్టు. నీటి వంతు విషయమై మాట పెరిగి, ఒకరి గుమ్మము ఒకరు త్రొక్కుట మానిరి. ఒక జనవరి మొదటి తేదీన ఇద్దరును ఒకే బస్సులో ప్రార్థన కొండకు వచ్చిరి. ఒకరు ముందు వరుసను, ఒకరు వెనుక వరుసను కూర్చుండిరి. కొండమీద ఇద్దరును కన్నీటితో ప్రార్థించిరి. నేనును, ప్రార్థన బాగుగా జరిగినదని సంతోషించి ఊరకుంటిని. వారిద్దరి నడుమ ఒక్క మాటయైనను పలుకకపోవుట నా తప్పు. రాత్రి బస్సు దిగి, ఎవరి త్రోవను వారు ఇంటికి పోయిరి.

చివరకు ఒక సాయంకాలమున అన్న తమ్ముని గుమ్మము వద్దకు వెళ్లెను. అతడు ఏమి చెప్పెనో నాకు తెలియదు. మరుసటి ఆదివారము ఇద్దరును ఒకే చాపమీద కూర్చుండిరి. 75 మైళ్ల ప్రయాణము మూడు గంటలలో ముగిసినది. రెండు వందల గజముల ప్రయాణమునకు పదునాలుగు నెలలు పట్టినది!

కాబట్టి బస్సు ఎక్కకమునుపు మూడు సంగతులు ఆలోచింతము.

మొదటిది, విడిచిపెట్టవలసినవి. బేతేలునకు బయలుదేరకమునుపు యాకోబు తన ఇంటివారియొద్దనున్న అన్యదేవతలను తీసికొని, షెకెము దగ్గర చెట్టు క్రింద పాతిపెట్టెను. మనము అన్నము మూట కట్టుకొందుము. పగను, కులగర్వమును, పాత లెక్కలను ఎక్కడ పాతిపెట్టి వెళ్లుదుము?

రెండవది, ప్రక్కన కూర్చుండువారు. 1876–78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. అదే కాలువ మన నెల్లూరు తీరము వెంబడియు సాగుచున్నది. ఎన్నెన్నో పల్లెలవారు ఆ మట్టిగట్టులమీద ఒకచోట చేరి, పనిచేసి, వాక్యము విని, దానిని తమ ఊళ్లకు మోసికొని పోయిరి. కూటికొరకు చేరిరను మాట రాకుండుటకై, కరవు పని నడచుచుండగా ఆయన బాప్తిస్మములు నిలిపివేసిరి. కరవు తీరిన పిమ్మట, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ కాలువగట్టును ఎవరును పుణ్యస్థలమనలేదు. గంపయెత్తి ఒకరి తలమీద ఒకరు పెట్టినచోటు అది. అట్టి చోటు మీ పొలముగట్టున ఎందుకుండరాదు?

మూడవది, తిరిగి వచ్చు త్రోవ. ఆరాధన ఈ కొండమీదనా, యెరూషలేములోనా అని సమరయ స్త్రీ అడిగినప్పుడు, తండ్రిని ఆత్మతోను సత్యముతోను ఆరాధించు కాలము వచ్చుచున్నదని ప్రభువు తెలిపెను. ఆమె కడవ విడిచి, ఎక్కడికి పోయెను? తన ఊరివారియొద్దకే పోయెను.

యాకోబు సమాధానములోను లోపము లేకపోలేదు. శేయీరునకు వచ్చెదనని అన్నతో చెప్పి, సుక్కోతునకు మరలిపోయెను. మన సమాధానములును అట్లే కుంటుచు నడచును. అయినను 35వ అధ్యాయపు చివరి వచనము చదువుడి. తండ్రియైన ఇస్సాకును పాతిపెట్టినవారు ఇద్దరు కుమారులును. దేవుడు కుంటువానిని సైతము ఇల్లు చేర్చును.

కొండకు వెళ్లుడి, తప్పక వెళ్లుడి. కాని డిసెంబరు 31వ తేదీ ప్రొద్దు గ్రుంకకమునుపు ఆ రెండు వందల గజములు నడువుడి. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి, ముందుగా సహోదరునితో సమాధానపడుమనిన ప్రభువు (మత్తయి 5:23–24) మీరు తిరిగి వచ్చువరకు కనిపెట్టుకొనియుండును.

ప్రార్థన: మా తండ్రీ, దూరపు కొండను చూచు కన్నులకు పొరుగు గుమ్మమును కూడ చూపుము. మా పాదములకు మొదటి అడుగు నేర్పుము. యేసుక్రీస్తు ప్రభువు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.