ఫోటో వెనక రాయాల్సిన మాట



సెలవులొస్తే మన కుటుంబాలు కూడా ఇప్పుడు నాలుగు ఊళ్లు చూసి వస్తున్నాయి. నాగార్జునకొండ, అమరావతి, నాగపూర్ దీక్షాభూమి, వీలైతే సాంచి, బుద్ధగయ. తిరిగొచ్చేసరికి ఫోన్‌లో రెండు మూడు వందల ఫోటోలుంటాయి. ధమ్మం గురించి మాట్లాడుకునే చోట కొందరు యువకులు ఒక ప్రశ్న అడుగుతారు: "అన్నీ అనిత్యమే అని బుద్ధుడు చెప్పాడు కదా. గడిచిపోయిన రోజును ఫోటోలో పట్టి దాచుకోవడం తృష్ణ కాదా?"

తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదిది. ముందు రెండు మాటలు విడదీసి చూద్దాం. పాళీలో తణ్హ అంటే తృష్ణ. 'ఆ రోజు మళ్లీ రావాలి, ఆ మనిషి అట్లాగే ఉండాలి' అని మనసు మొండికేయడం. సతి వేరు. సతిని మనం 'ఎరుక' అంటున్నాం గానీ, ఆ మాటకు మూలార్థం జ్ఞాపకమే. సంస్కృతంలో 'స్మృతి' అన్నా అదే. గడిచినదాన్ని గడిచినదిగానే గుర్తుంచుకోవడం సతి. కాబట్టి తేడా ఫోటోలో లేదు, చూసే మనసులో ఉంది. చనిపోయిన నాయన ఫోటో చూసి 'ఎందుకు పోయావు' అని రోజూ కుమిలిపోతే అది మనల్ని కట్టేసే తాడు. అదే ఫోటో చూసి 'ఈయన కూలికి పోయి నన్ను చదివించాడు, ఇప్పుడు లేడు, నేనూ ఒకరోజు ఉండను' అని తెలుసుకుంటే అదే అనిత్యం నేర్పే పాఠం.

ఇంకో సంగతి. మన పెద్దవాళ్లకు సెలవులు లేవు, యాత్రలు లేవు, ఫోటోలు అసలే లేవు. మన వాడల్లో ఎంతోమంది అవ్వలకు, తాతలకు రేషన్ కార్డు మీదో ఆధార్ మీదో ఉన్న ఫోటోనే దిక్కు. మనిషి పోయిన రోజున ఫ్లెక్సీ షాపుకు పరుగెత్తి, ఎవరిదో పెళ్లి గ్రూపు ఫోటోలోంచి ఆ ముఖాన్ని కత్తిరించి పెద్దది చేయించుకున్న ఇళ్లు మీకూ తెలుసు. చరిత్రలో చోటు దక్కనివాళ్లకు జ్ఞాపకం విలాసం కాదు. వాళ్లతో 'అంతా అనిత్యమే, ఫోటోలెందుకు' అనడం ధమ్మం కాదు.

అయితే ఫోటో ఒక్కటే చాలదు. నాగార్జునకొండనే చూడండి. ఇక్ష్వాకుల కాలంలో చాంతిసిరి అనే రాజకుటుంబపు స్త్రీ అక్కడి మహాచైత్యానికి స్తంభాలు దానమిచ్చింది. తన పేరుతో పాటు సోదరుడెవరో, భర్త ఎవరో కూడా రాతి మీద చెక్కించింది. అందుకే ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా ఆమె ఎవరో మనకు తెలుసు. ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. డ్యామ్ వస్తుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీదికి, కొన్నిటిని అనుపుకు తరలించారు. లాంచీలో పోతూ మనం తీసుకునే సెల్ఫీలో వెనక నీళ్లే కనిపిస్తాయి. ఆ నీళ్ల కింద ఏముందో పిల్లలకు ఎవరైనా చెప్పాలి, ఫోటో చెప్పదు.

బాబాసాహెబ్ కూడా ఒక విహారయాత్రకు వెళ్లారు. 1934లో దాదాపు 30 మంది సహచరులతో ఎల్లోరా బౌద్ధ గుహలు చూడ్డానికి బయల్దేరి, దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. అప్పుడు అది కూడా తెలంగాణ లాగే నిజాం రాజ్యంలోదే. దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలు, కాళ్లు అక్కడి చెరువు నీళ్లతో కడుక్కున్నారు. చెరువు మైలపడిందంటూ జనం మీదికొచ్చారు. చివరికి లోపలికి పోనిచ్చారు గానీ, ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూడ్డానికి ఆయుధంతో ఒక సిపాయిని వెంట పంపారు. ఇదంతా ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసిపెట్టారు. ఆ రోజు ఒక గ్రూపు ఫోటో తీసి ఉంటే, కోట ముందు వరుసగా నిలబడ్డ మనుషులు కనిపించేవారు. సిపాయి ఎందుకున్నాడో కనిపించేది కాదు. ఆ అవమానం మనకు తెలిసింది ఆయన రాయబట్టే.

ఇక్కడే నాలుగో శీలం గుర్తు తెచ్చుకోవాలి. మన ఆల్బంలు అబద్ధం చెప్పకపోవచ్చు గానీ, సగమే చెబుతాయి. నవ్వే ముఖాలే ఉంచుతాం. తెల్లవారుజామున లేచి అందరికీ పులిహోర కట్టిన అమ్మ చాలా ఫోటోల్లో ఉండదు. మోకాళ్ల నొప్పితో మెట్ల కిందే కూర్చుండిపోయిన నాయనమ్మ ఉండదు. సెలవు దొరక్క రాలేకపోయిన అన్న ఉండడు. గది అడిగితే ముందు కులం ఆరా తీసిన లాడ్జి మనిషి అసలే ఉండడు.

కాబట్టి ఇలా చేసి చూడండి. చైత్యం దగ్గరికి వెళ్లగానే ఐదు నిమిషాలు ఫోన్ జేబులో పెట్టి ఊరికే కూర్చోండి. మనం చూడనిదాన్ని ఫోటో గుర్తు చేయలేదు. ఇంటికొచ్చాక ఒక ఆదివారం అందరూ కలిసి పది ఫోటోలు ఎంచి ప్రింట్ వేయించండి. ఒక్కోదాని వెనక తేదీ, ఊరు, ఉన్నవాళ్ల పేర్లు, ఫోటో తీసినవాళ్ల పేరు, రాలేనివాళ్ల పేర్లు రాయండి. ఆ రోజు జరిగిన ఒక మంచి, ఒక చేదు కూడా రాయండి. చేదును పగ పెంచుకోవడానికి కాదు, పిల్లలకు నిజం తెలియడానికి.

ఇంత చేసినా ఫోన్ పాడవుతుంది, ప్రింటు వెలిసిపోతుంది. చాంతిసిరి చెక్కించిన రాయి కూడా ఎప్పటికీ ఉండదు. అలా పోయినప్పుడు బాధ కలుగుతుంది. ఆ బాధ ఎలా వచ్చిందో, ఎలా తగ్గుతుందో గమనించడమే అప్పుడు మన సాధన. పోతుందని తెలిసీ జాగ్రత్తగా దాచడం మాత్రం మన బాధ్యత.

ఈ వారమే మీ ఇంట్లో ఒక పాత ఫోటో బయటికి తీయండి. అందులో ఉన్నవాళ్ల పేర్లు తెలిసిన పెద్దమనిషి ఇంకా మన మధ్య ఉండగానే, అడిగి వెనక రాసిపెట్టండి.

జై భీమ్! నమో బుద్ధాయ!