ఎవరును చూడని చోట

అమెరికా దేశమందలి అరిజోనా రాష్ట్రములో గ్రాండ్ కాన్యన్ అను మహా లోయ కలదు. దాని ఉత్తరపు అంచున టొరోవీప్ అను చోటున్నది. అక్కడికి పోగోరువారు ఎడారిలో సుమారు 100 కిలోమీటర్లు మట్టిబాటను, రాతిబాటను ప్రయాణము చేయవలెను. టైర్లు పగులుట అచ్చట సామాన్యము. తుదకు అంచున నిలిచినయెడల, సుమారు 900 మీటర్ల అడుగున కొలరాడో నది కనబడును.

2000వ సంవత్సరము మొదలుకొని జియోకాషింగ్ అను వినోదము లోకమందు వ్యాపించినది. ఒకడు చిన్న పెట్టెను దాచి, ఉపగ్రహముల సాయముతో దాని స్థలపు గుర్తులను ప్రకటించును. మరియొకడు వెదకి కనుగొని, అందలి పుస్తకములో తన పేరు వ్రాయును. అయితే ఆ లోయ ఉద్యానవనములో పెట్టెలు దాచుట నిషిద్ధము. కాబట్టి అట్టి చోట్ల పెట్టెకు బదులుగా ప్రశ్నలుండును. వెళ్లినవాడు రాళ్ల పొరలను కన్నులార చూచి, జవాబులు పంపి, "చేరితిని" అని వ్రాసికొనును.

సగము దారిలో టైరు పగిలి మరలినవాడు, ఇతరులనడిగి జవాబులు తెలిసికొని, చేరితినని వ్రాసిననేమి? సాక్షి లేడు, బహుమానమును లేదు, ఎవరికి నష్టమందువా? బాట సులువేయని ఆ వ్రాతను నమ్మి, చాలినంత నీరు లేక బయలుదేరు మరియొకని సంగతి యేమి? అట్లెవడును రాకపోయినను, అబద్ధము వ్రాసినవాడు తన చేతివ్రాతను తానే నమ్మలేనివాడగును.

"వెదకితిని, దొరకలేదు" అని వ్రాయుటకును ఆ ఆటలో చోటు కలదు. అది సిగ్గుపడవలసిన మాట కాదు. చదువరీ, నీ జీవితపు లెక్కలో ఆ మాటను ఎన్నిమారులు నిజముగా వ్రాసితివి?