ఓడటం తెలిసినవాడు

2023 నవంబర్ 28. తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల ప్రచారానికి అదే ఆఖరి రోజు. హుజూరాబాద్ నియోజకవర్గంలోని కమలాపూర్‌లో బీఆర్ఎస్ అభ్యర్థి పాడి కౌశిక్ రెడ్డి భార్యనూ కూతుర్నీ పక్కన నిలబెట్టుకుని ఓట్లు అడుగుతున్నారు. ఆయన మాటల సారాంశం ఇది: గెలిపిస్తే జైత్రయాత్రకు నేను వస్తాను, లేదంటే మా శవయాత్రకు మీరు రండి. ఓడిస్తే ముగ్గురం చచ్చిపోతామని చెప్పారు. ఆ వీడియో ఊరూరా తిరిగింది. ఎన్నికల సంఘం నివేదిక అడిగింది. డిసెంబర్ 3న పెట్టెలు తెరిచారు. 2004 నుంచి ఓటమే ఎరగని ఈటల రాజేందర్ మీద కౌశిక్ రెడ్డి 16 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు.

దీన్ని ఎమోషనల్ బ్లాక్‌మెయిల్ అన్నవాళ్లున్నారు. రాజకీయాల్లో ఇవన్నీ మామూలేనని నవ్వి వదిలేసినవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఇంకో విషయం దగ్గర ఆలోచన ఆగింది. ఈ అభ్యర్థి పాత క్రికెటర్. గల్లీ క్రికెట్ కాదు. 2004, 2007 మధ్య హైదరాబాద్ తరఫున 15 ఫస్ట్‌క్లాస్ మ్యాచులు ఆడిన మనిషి. వీణవంక నుంచి రంజీ జట్టు దాకా వెళ్లడం చిన్న సంగతేం కాదు. అంత దూరం ఆడినవాడు ఎన్నిసార్లు ఓడిపోయి ఉంటాడు, ఎన్నిసార్లు అవుటై తల దించుకుని పెవిలియన్‌కి నడిచి ఉంటాడు! అలాంటి మనిషి నోట ‘ఓడితే చావే’ అన్న మాట ఎలా వచ్చింది? ఆట నేర్పుతుందని మనం నమ్మే పాఠం ఎటు పోయింది?

ఈ ప్రశ్న ఒక్క కౌశిక్ రెడ్డి గురించి కాదు. కాలేజీ టీముల్లో, యూనివర్సిటీ టీముల్లో ఆడి, ఆ పేరుతో ఓట్ల దగ్గరికొచ్చేవాళ్లు ప్రతి ఎన్నికలోనూ కనిపిస్తారు. ‘క్రీడాకారుడు కాబట్టి క్రమశిక్షణ ఉంటుంది, టీం స్పిరిట్ ఉంటుంది’ అని పరిచయం చేస్తారు. మనమూ తలూపుతాం. మన భాషలోనే ఉంది కదా: ఓటమిని స్పోర్టివ్‌గా తీసుకోవాలంటాం. స్పోర్ట్ అన్న మాటనే ఒక నైతిక గుణానికి పేరుగా పెట్టుకున్నాం.

ఈ నమ్మకానికి పెద్దవాళ్ల సాక్ష్యం కూడా ఉంది. అల్బేర్ కామూ అల్జీర్స్‌లో యూనివర్సిటీ క్లబ్బు జూనియర్ జట్టుకి గోల్‌కీపర్‌గా ఆడాడు. పదిహేడో ఏట క్షయ వచ్చి ఆట ఆగిపోయింది. చాలా ఏళ్ల తర్వాత, మనిషి నీతి గురించి, బాధ్యత గురించి తనకి రూఢిగా తెలిసినదంతా ఫుట్‌బాల్ పెట్టిన భిక్షేనన్న అర్థంలో రాశాడు. ఆ మాటని టీషర్టుల మీద వేసుకునేవాళ్లున్నారు. కానీ నీతిలో సరిగ్గా ఏ ముక్కని ఆట నేర్పుతుందని అడిగేవాళ్లు తక్కువ.

క్రమశిక్షణ అందామా? దొంగకీ కావాలి క్రమశిక్షణ. పట్టుదల, వ్యూహం, జట్టుగా పనిచేయడం, ఇవన్నీ సామర్థ్యాలు. మంచికీ చెడుకీ సమానంగా పనికొస్తాయి. ఆటలో నిజంగా నీతి అనదగినవి నాకు రెండే కనిపిస్తాయి. ఒకటి, నిర్ణయం నీ చేతిలో లేదని ఒప్పుకోవడం. రెండు, ఓడినా నువ్వు నువ్వుగానే మిగులుతావని తెలుసుకోవడం. ఎన్నికలో నిలబడ్డవాడికి అన్నిటికన్నా ఎక్కువ అవసరమైనవీ ఈ రెండే. కమలాపూర్‌లో వినపడకుండా పోయినవీ ఈ రెండే.

మొదటిది చూద్దాం. క్రికెట్‌లో ఒక చక్కటి నియమం ఉంది. ఫీల్డింగ్ జట్టు అప్పీల్ చేయకపోతే అంపైర్ అవుట్ ఇవ్వడు. కాబట్టి అడగడం తప్పు కాదు, అడిగే తీరాలి. కానీ అంపైర్ మీద ఒత్తిడి పెంచేలా అతిగా అప్పీల్ చేస్తే మాత్రం తప్పు, దానికి శిక్ష కూడా ఉంది. అడగడానికీ ఒత్తిడి చేయడానికీ మధ్య గీత ఎక్కడుంది? బంతి గురించి మాట్లాడినంతసేపూ అది అప్పీల్. బంతిని వదిలి అంపైర్ మనసు మీద పని మొదలుపెడితే ఒత్తిడి. బౌలర్ అంపైర్ దగ్గరికెళ్లి, ఈ వికెట్ ఇవ్వకపోతే నన్ను టీంలోంచి తీసేస్తారు, ఇంట్లో పొయ్యి వెలగదు అన్నాడనుకోండి. అది నిజమే కావచ్చు. ఎంత నిజమైతే అంత అన్యాయం కూడా. ఎందుకంటే బంతి స్టంప్స్‌కి తగిలేదా లేదా అన్నదానికీ ఆ పొయ్యికీ సంబంధం లేదు.

ఓటరు కూడా ఇక్కడ అంపైరే. రోడ్డు వేస్తావా, బడి బాగుచేస్తావా, అవతలివాడికంటే నువ్వు నయమా అన్నదే అతని ముందున్న బంతి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్‌లో ఓ సంగతి ఉంది. ఓటు వేయకపోతే దేవుడి ఆగ్రహానికి గురవుతావని ఓటరుని నమ్మించబోవడం కూడా అనుచిత ప్రభావం కిందికే వస్తుంది. చట్టం చేసినవాళ్లకి ఆ సూక్ష్మం తెలుసు. చెయ్యి మెలిపెట్టడం ఒక్కటే బెదిరింపు కాదు, మనసులో పాపభయం పెట్టడమూ బెదిరింపే. అలాంటప్పుడు ‘నేను చస్తే ఆ పాపం నీది’ అనే మాటని ఎక్కడ పెట్టాలి? కోర్టు ఏమంటుందన్నది వేరే సంగతి, నేను అడుగుతున్నది నీతి గురించి. దేవుడి స్థానంలో శవాన్ని పెట్టినంత మాత్రాన పాపభయం పాపభయం కాకుండా పోదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుందని తెలుసు. ప్రాణాన్ని పణంగా పెట్టి మాట్లాడటం ఈ నేలకి కొత్త కాదు కదా? 2009 నవంబర్ 29న దీక్షకి బయల్దేరిన కేసీఆర్‌ని అరెస్టు చేసింది కరీంనగర్ శివార్లలోని అలుగునూరు దగ్గరే. ‘కేసీఆర్ సచ్చుడో, తెలంగాణ వచ్చుడో’ అన్న నినాదం ఆ రోజుల్లో గోడగోడకీ ఉంది. అంతకుముందు 1952లో పొట్టి శ్రీరాములు 58 రోజులు దీక్ష చేసి నిజంగానే ప్రాణం వదిలారు. వాళ్లది ఉద్యమమైనప్పుడు ఇది మాత్రం బ్లాక్‌మెయిల్ ఎలా అవుతుంది?

తేడా ఉంది, కానీ మనం అనుకున్నంత శుభ్రంగా లేదు. దీక్ష చేసేవాడు ఒక ప్రభుత్వాన్ని అడుగుతున్నాడు, పోలీసూ సైన్యమూ ఖజానా ఉన్నదాన్ని. బలవంతుడి ముందు బలహీనుడు తన శరీరాన్నే అడ్డం పెట్టడం అది. అడిగేది కూడా తన పదవి కాదు. అయినా సరే, 1932లో ఎరవాడ జైల్లో గాంధీ నిరాహారదీక్షకి కూర్చున్నప్పుడు, దళితులకి వచ్చిన ప్రత్యేక నియోజకవర్గాలు వదులుకోవాల్సి వచ్చిన అంబేద్కర్ దాన్ని త్యాగం అనలేదు, బలవంతమన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. ప్రాణం పణంగా పెట్టినప్పుడు అవతలివాడి వాదన ఎంత న్యాయమైనదైనా వినపడదు. ఓ మహాత్ముడు ఓ పెద్ద ప్రశ్న మీద చేసినప్పుడే ఇన్ని సందేహాలున్న పద్ధతి అది. అదే పద్ధతిని ఒక అభ్యర్థి తన గెలుపు కోసం, తనకంటే బలహీనులైన ఓటర్ల ముందు వాడితే దాన్ని సమర్థించడానికి ఏమీ మిగలదు. ప్రజాస్వామ్యంలో ఓటరుకి బలం ఉండేది ఆ ఒక్క రోజే. ఆ ఒక్కరోజు బలాన్ని కూడా జాలితో లాగేసుకోవడం ఇది.

ఊరికే అన్నమాటలే కదా, ఎవరు నమ్ముతారు అనొచ్చు. ఇంకోచోట అయితే సరేననేవాణ్ణి. కానీ ఇది సిరిసిల్ల నేతకార్మికుల ఉరితాళ్లు చూసిన పాత కరీంనగర్ జిల్లా. ఆ పక్కనే ఆదిలాబాద్, పత్తి రైతు పురుగుమందు డబ్బా వార్త ప్రతి ఏడూ వచ్చే చోటు. ఫలితాలొచ్చిన ఆ డిసెంబర్ 3వ తేదీనే, 2009లో, ఒంటికి నిప్పంటించుకున్న శ్రీకాంతాచారి చనిపోయాడు. ఈ జిల్లాల్లో చావు అలంకారం కాదు. అప్పు తీరక పోయినవాళ్ల ఇళ్ల ముందు నిలబడి, ఓట్లు రాకపోతే నేనూ పోతానంటే ఆ చావులన్నీ ఒక్కసారిగా చవకైపోతాయి.

మరి ఆటగాడికి ఇది ఎందుకు తట్టలేదు? నా అనుమానం ఏంటంటే, ఆట నేర్పే నీతి ఆటగాడి లోపల ఉండదు, మైదానం గీతల లోపల ఉంటుంది. రంజీలో ఓడితే వారం తిరక్కుండా ఇంకో మ్యాచ్ ఉంటుంది. షెడ్యూల్ ముందే అచ్చై ఉంటుంది. ఓడిన జట్టు సామాన్లు ఎవరూ బయటపడేయరు. అంటే అక్కడ ఓటమిని చవగ్గా ఉంచే ఏర్పాటు ముందే చేసి పెట్టారు. ఆటగాడు అందులో హుందాగా ఉండగలిగితే సగం గొప్పతనం ఆ ఏర్పాటుది.

మన ఎన్నికల్లో ఆ ఏర్పాటు లేదు. అసెంబ్లీ అభ్యర్థి చట్టప్రకారం 40 లక్షల దాకా ఖర్చు పెట్టొచ్చు. అసలు ఖర్చు ఎంతో ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా నవ్వుతాడు. ఓడితే తర్వాతి మ్యాచ్‌కి ఐదేళ్లు. ఈలోగా వెంట తిరిగినవాళ్లు అవతలి పార్టీ కండువా కప్పుకుంటారు, అప్పిచ్చినవాళ్లు గుమ్మంలో కూర్చుంటారు. మనమూ ఊరుకోం. ‘డిపాజిట్ కూడా దక్కలేదు’ అన్న మాటని తిట్టులా వాడతాం. ఓడినవాణ్ణి పలకరించడానికి ఎవరూ పోరు. ఓటమిని ఇంత ఖరీదైన వస్తువుగా చేసిపెట్టి, ఓడేవాడు స్పోర్టివ్‌గా ఉండాలని ఆశించడం మన వైపు నుంచి కూడా అంత న్యాయం కాదు.

గీతలు మారితే పాఠం కూడా చెరిగిపోతుందనడానికి పెద్ద ఉదాహరణలే ఉన్నాయి. ఆఖరి బంతి దాకా ఆడతానని చెప్పిన ఇమ్రాన్ ఖాన్, 2022 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానం మీద ఓటింగ్ జరగాల్సిన రోజున సభనే రద్దు చేయించాడు. ప్రపంచకప్ గెలిచిన కెప్టెన్ ఆఖరి బంతి పడకముందే స్టంప్స్ పీకేశాడన్నమాట. సుప్రీంకోర్టు వచ్చి వాటిని మళ్లీ పాతాల్సి వచ్చింది.

అయితే అంతా ఏర్పాటు మీదికి తోసేస్తే మనిషికి ఏ బాధ్యతా మిగలదు. అది ఒప్పుకోలేను. 1980 ఫిబ్రవరిలో బొంబాయి గోల్డెన్ జూబిలీ టెస్టులో ఇంగ్లండ్ కీపర్ బాబ్ టేలర్‌ని అంపైర్ అవుటిచ్చాడు. బ్యాట్‌కి బంతి తగల్లేదని తోచి కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ అతన్ని వెనక్కి పిలిచాడు. టేలర్, బోథమ్ కలిసి నిలబడ్డారు, ఇండియా పది వికెట్ల తేడాతో ఓడిపోయింది. ఏ నియమమూ విశ్వనాథ్‌ని అలా చేయమనలేదు. మైదానం గీతలు నీతికి చోటిస్తాయి, అంతే. ఆ చోటులో అడుగుపెట్టాలా వద్దా అన్నది మనిషే తేల్చుకోవాలి.

హుజూరాబాద్ విషయానికే వస్తే, ఓటమి చావు కాదని చెప్పడానికి కామూ దాకా పోనక్కర్లేదు. ఆ నియోజకవర్గం లెక్కలు చాలు. 2018లో ఇదే కౌశిక్ రెడ్డి కాంగ్రెస్ అభ్యర్థిగా ఇదే ఈటల చేతిలో 43 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడారు. ఏమైంది? 2021లో పార్టీ మారారు, ఎమ్మెల్సీ అయ్యారు, ఐదేళ్ల తర్వాత ఎమ్మెల్యే అయ్యారు. 2023లో ఈటల ఒకేసారి హుజూరాబాద్‌లోనూ గజ్వేల్‌లోనూ ఓడారు. ఆరు నెలలు తిరిగేసరికి మల్కాజిగిరి నుంచి లోక్‌సభకి వెళ్లారు. అదే 2023లో ఇంకో క్రికెటర్, 99 టెస్టులాడిన అజారుద్దీన్, జూబ్లీహిల్స్‌లో ఓడారు. ఆ తేడా కూడా 16 వేల పైచిలుకే! 2025 అక్టోబర్ 31న ఆయన తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశారు. వీళ్లు ఎలాంటి నాయకులన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఓడినవాళ్లందరూ బతికే ఉన్నారు. బతికి, మళ్లీ వచ్చి ఓటే అడిగారు.

ప్రజాస్వామ్యం ఇచ్చిన మాట ఇదొక్కటే. ఇక్కడ ఓడినవాడి తల తీయరు. రాజుల కాలంలో ఓడిన పక్షానికి నిజంగానే శవయాత్ర ఉండేది. దాన్ని తప్పించడానికే కదా కత్తుల బదులు ఓట్లు పెట్టుకున్నది. ఓడితే శవయాత్రేనన్న అభ్యర్థి, తెలిసో తెలియకో, ఆ పాత లోకాన్ని వెనక్కి పిలుస్తున్నాడు.

కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలోనో, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలోనో ఇప్పుడు ఆడుతున్న పిల్లల్లో ఎవరో ఒకరు రేపు నామినేషన్ వేస్తారు. అప్పుడు కప్పులెన్ని గెలిచావని అడగటం కన్నా, ఓడిన రోజు ఏం చేశావని అడగటం మంచిది. ఇంకెవరైనా వచ్చి చస్తానంటే, జాలిపడకుండా, కోప్పడకుండా చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది: ‘ఎందుకు బిడ్డా గంత మాట, ఓడితే ఇంటికి పోయి తిని పండుకో, మళ్ల ఐదేండ్లకు రా.’ అలా చెప్పాలంటే, ఓడిపోయి ఐదేళ్ల తర్వాత మళ్లీ వచ్చినవాడికి ఆ గుమ్మంలో కుర్చీ వెయ్యడం మనకీ రావాలి.