మేక ఒకరిది, చిరుత అందరిదా?

కొండ ప్రాంతాల్లో పశువుల కాపరికి మందే ఆస్తి. లడఖ్‌లోనూ, కారాకోరం పర్వతాల్లోని బల్తిస్తాన్‌లోనూ మేకలు, గొర్రెలు, యాక్‌లను పెంచుకుని బతికే కుటుంబాలెన్నో ఉన్నాయి. ఆ కొండల్లోనే మంచు చిరుత కూడా ఉంటుంది. అది మనుషుల జోలికి రావడం బహు అరుదు. కాని రాత్రివేళ పైకప్పు లేని దొడ్డిలోకి దూకిందంటే ఒక్కోసారి ఒక్క మేకతో ఆగదు. బెదిరి పరుగులు తీసే జీవాలను వరుసగా చంపేస్తుంది. తెల్లవారేసరికి ఒక ఇంటివారి ఏళ్ల తరబడి కష్టం మట్టిపాలవుతుంది. ఆ కాపరి కోపంతో విషం పెడితే మనం ఏమనాలి?

మరోవైపు, అది అరుదైన ప్రాణి. 2019-2023 మధ్య జరిగిన లెక్కింపు ప్రకారం మన దేశంలో మంచు చిరుతలు 718 ఉన్నాయని అంచనా. వాటిలో 477 లడఖ్‌లోనే ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటి వేటను నిషేధించింది.

“హాని చేసే జంతువులను చంపడానికి షరీఅత్ అనుమతించింది కదా!” అని కొందరు అడగవచ్చు. నిజమే. ఇహ్రాం స్థితిలో ఉన్నవారు సైతం చంపదగిన అయిదు హానికర జీవులను దైవప్రవక్త (స) పేర్కొన్నారు. వాటిలో ఒకటైన కరిచే కుక్క అనే మాట కిందికి సింహం, చిరుత, తోడేలు వంటివి కూడా వస్తాయని ఇమామ్ మాలిక్ (రహ్మలై) వివరించారు. అయితే ఈ అనుమతి హానిని తొలగించడానికే గాని పగ తీర్చుకోవడానికి కాదు. దొడ్డిలో దూకిన మృగాన్ని ఎదుర్కోవడం వేరు, నాలుగు రోజుల తర్వాత కొండ మీద విషం పెట్టి రావడం వేరు. ఆ విషానికి చచ్చేది మేకను చంపిన చిరుతేనని ఎవరు చెప్పగలరు? దానికి ఏ పాపం ఎరుగని మరో ప్రాణి బలి కావచ్చు. ఒక హానిని అలాంటి మరో హానితో తొలగించరాదన్నది ఫిఖహ్ సూత్రం.

మరి కాపరికి “సహనం వహించు” అని చెప్పి మనం తప్పుకోవచ్చా? మూగజీవి చేసిన గాయానికి పరిహారం లేదని హదీసులో ఉంది. పైగా చిరుతకు యజమాని లేడు. కాపరి ఎవరి తలుపు తట్టాలి? చిరుత బతికుంటే సంతోషం లోకమంతటిది, నష్టం మాత్రం ఒక్క పేదవాడిది. ఇది న్యాయమనిపించుకోదు.

ఇక్కడ హజ్రత్ దావూద్ (అ), హజ్రత్ సులైమాన్ (అ)ల తీర్పును గుర్తుచేసుకుందాం. ఒకరి గొర్రెలు రాత్రిపూట మరొకరి పంటను మేసిన ఆ ఉదంతం దివ్యఖుర్ఆన్ అంబియా సూరాలో ఉంది. తఫ్సీర్ గ్రంథాల వివరణ ప్రకారం, హజ్రత్ దావూద్ (అ) ఆ మందను పొలం యజమానికి ఇప్పించదలిచారు. హజ్రత్ సులైమాన్ (అ) మరో మార్గం చూపారు. పొలం మునుపటిలా అయ్యేవరకు కాపరి దాన్ని బాగుచేయాలి, అంతవరకు గొర్రెల పాలు, ఉన్ని పొలం యజమాని అనుభవించాలి, ఆపై ఎవరిది వారికి చేరాలి. నష్టపోయినవాడికి పూర్తి న్యాయం జరిగింది, రెండోవాడి బతుకూ నిలిచింది.

బల్తిస్తాన్‌లో షఫఖత్ హుసేన్ అనే పరిశోధకులు 1999లో ప్రారంభించిన పథకం ఈ స్ఫూర్తికి దగ్గరగా ఉంది. కాపరులు తమ పశువుల కోసం కొద్దిపాటి సొమ్ము జమచేస్తారు. పర్యాటకుల వల్ల వచ్చే ఆదాయం దానికి తోడవుతుంది. చిరుత పశువును చంపితే గ్రామస్థుల సంఘమే విచారించి పరిహారం ఇస్తుంది. లడఖ్‌లోనైతే దొడ్లకు ఇనుప వలతో పైకప్పు వేయించే పని జరిగింది. కప్పు సరిగా ఉంటే చిరుత లోపలికి దూకలేదు, మేక చావదు, పగకు తావుండదు.

ప్రియ పాఠకులారా! జంతువులు కూడా మనలాంటి సముదాయాలేనని అల్లాహ్ తెలియజేశాడు. వాటి హక్కు కాపాడటం మన బాధ్యత. అయితే ఆ బాధ్యత ఖర్చునంతా పేదవాడి దొడ్డి మీద వేయడం దయ కాదు, దౌర్జన్యం. చిరుత బతకాలని కోరుకునే ప్రతివారూ మేక ధరలో తమ వాటా భరించాలి. ఎవరి హక్కు వారికి చేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.