ఆయుధానికి పాపముందా?

పరదేశంలో నాలుగు రాళ్లు వెనకేసుకున్నాక మనిషికొక సరదా పుడుతుంది. మనవాళ్లలో ఒకరిద్దరు పాత బ్రిటిష్ సైనిక పిస్తోళ్లు వేలంలో కొంటున్నారు. చెకుముకి రాయి రవ్వతో పేలే రకం. 1840 ప్రాంతంలో సైన్యంలో వాడుక తప్పింది. 1996లో పోర్ట్ ఆర్థర్ మారణకాండ తర్వాత ఆస్ట్రేలియాలో తుపాకుల చట్టాలు బిగిశాయి. పురాతనాయుధాలకు రాష్ట్రానికొక నిబంధన. చట్టం సంగతి పోలీసులను అడిగి తెలుసుకోవచ్చు; ధర్మం సంగతి మనమే తేల్చుకోవాలి. మనల్ని ఏలినవారి ఆయుధాన్ని ముచ్చటపడి గోడకు తగిలించుకోవచ్చునా?

"ఇనుముకూ కర్రకూ పాపమేమిటి, పనితనం చూడండి" అంటారు కొందరు. పనితనం నిజమే. రాజుగారి సైన్యానిదైతే కిరీటం, 'జి.ఆర్.' అక్షరాలు, 'టవర్' అన్న మాట; ఈస్టిండియా కంపెనీదైతే 1808 నుంచి సింహం బొమ్మ. ఆయుధం ఎవరిదో ఆ గుర్తులు చెబుతాయి. ఎవరి మీద గురిపెట్టారో చెప్పవు.

1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి నేలకొరిగాడు. ఆనాటి సైన్యాలవి చెకుముకి తుపాకులే. ఈ కథ మనం పిల్లలకు గర్వంగా చెబుతాం, కోపంగానూ చెబుతాం.

మరి 1816 ఏప్రిల్ 17 మాట? సిడ్నీకి నైరుతిగా ఉన్న అప్పిన్ దగ్గర, గవర్నర్ మెక్వారీ పంపిన 46వ రెజిమెంటు సైనికులు ఆదివాసులను కాల్చారు, కొండ అంచునుంచి లోయలోకి తరిమారు. కనీసం పద్నాలుగు మంది చనిపోయారు. వారిలో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. ఆ రెజిమెంటే 1817లో మద్రాసుకు తరలింది. అవే చేతులు, అవే ఆయుధాలు. మొదటి కథకు కోపం తెచ్చుకుని, రెండో కథ జరిగిన నేలమీద ఇల్లు కట్టుకుని మనం ఊరుకుంటే, మన కోపం న్యాయం కోసమా, కేవలం మనవాళ్ల కోసమా?

వైద్యకళాశాలలో మేము పాథాలజీ మ్యూజియం సీసాలు చూస్తూ చదువుకున్నాం. రోగం మీద మోజుతో వాటిని దాచరు, గుర్తుపట్టడానికి దాస్తారు. ఏ రోగమో, ఏ అవయవాన్ని తిన్నదో చీటీ మీద రాసి ఉంటుంది. చీటీ లేని సీసా వల్ల విద్యార్థికి ప్రయోజనం తక్కువ.

కనుక పిస్తోలు కొనడం తప్పని మేము అనము. సేకరించేవారు తయారైన ఏడు, కొన్న ధర కార్డు మీద రాసుకుంటారు. దాని కిందనే పద్మనాభం, అప్పిన్ అని రెండు పేర్లూ రాయాలి. రాయడానికి చెయ్యి రాకపోతే, కొనకపోవడమే మర్యాద.